సకమోతొ కేబుల్‌లో హియెయి కొండెక్కి ఎన్ర్యాకుజి చూసి రావడం ఎలా

క్యోటో వెళ్లే మనవాళ్లు ఎక్కువమంది బంగారు మందిరం, ఫుషిమి ఇనారి ఎర్ర తోరణాలు, వెదురు తోపు చూసుకుని తర్వాతి ఊరికి రైలెక్కేస్తారు. చేతిలో ఇంకో రోజుంటే దాన్ని హియెయి కొండకివ్వండి. క్యోటోకు ఈశాన్యాన, 848 మీటర్ల ఎత్తున్న కొండ అది. దాని మీద 788లో సైచో అనే భిక్షువు మొదలుపెట్టిన ఎన్ర్యాకుజి మఠం ఉంది. కొండకు తూర్పు దిక్కున, బివా సరస్సు వైపు నుంచి పైకి వెళ్లే సకమోతొ కేబుల్ రైలు 1927 మార్చి నుంచి నడుస్తోంది. పైనున్న స్టేషనూ కిందున్న స్టేషనూ రెండూ ఆనాటివే. కట్టడాలుగా ప్రభుత్వ సాంస్కృతిక సంపద జాబితాలో నమోదయ్యాయి.

కేబుల్ అనగానే తీగకు వేలాడే పెట్టె అనుకోకండి. ఇది పట్టాల మీద నడిచే బండి, పైనుంచి ఇనుప తాడు లాగుతుంది. పళనిలో వించ్ ఎక్కినవాళ్లకు దీని తీరు చెప్పక్కర్లేదు. కాకపోతే ఇక్కడ దారి 2,025 మీటర్లు, జపాన్‌లో ఇంత పొడవైన కేబుల్ రైలు ఇంకోటి లేదు. పైకి చేరడానికి పదకొండు నిమిషాలు పడుతుంది.

ముందు ఏ వైపు నుంచి ఎక్కాలో తేల్చుకోండి

కొండకు రెండు వైపులా దారులున్నాయి. క్యోటో వైపు యసె అనే చోటి నుంచి ఎయిజాన్ కేబుల్, ఆ పైన రోప్‌వే. సరస్సు వైపు సకమోతొ కేబుల్. హోటల్ క్యోటోలో ఉంది కాబట్టి చాలామంది యసె వైపే పోతారు. నా ఓటు మాత్రం సకమోతొకే. ఒక కారణం, యసె వైపు ఎక్కితే మీరు దిగేది కొండ శిఖరం దగ్గర. అక్కడి నుంచి మఠానికి మళ్లీ బస్సు పట్టుకోవాలి. సకమోతొ కేబుల్ దిగితే పది నిమిషాల నడకలో మఠం. రెండోది, సకమోతొ ఈ మఠం ముంగిట పెరిగిన ఊరు. కొండమీద బతుకంతా గడిపి ముసలివాళ్లైన భిక్షువులకు కింద ఈ ఊళ్లోనే ఇళ్లిచ్చేవారు. ఆ ఇళ్లు, వాటి తోటలు ఇంకా ఉన్నాయి. మూడోది, చలికాలం. యసె వైపు కేబుల్, రోప్‌వే జనవరి నుంచి మార్చి మధ్యదాకా సాధారణంగా మూసి ఉంటాయి. సకమోతొ కేబుల్ ఏడాది పొడుగునా నడుస్తుంది.

దిగేటప్పుడు కావాలంటే యసె వైపు దిగి క్యోటో చేరొచ్చు. దాని సంగతి చివర్లో చెబుతాను.

క్యోటో నుంచి సకమోతొకు చేరడం

క్యోటో స్టేషన్‌లో జేఆర్ (జపాన్ రైల్వే) వాళ్ల కొసెయి లైన్ రైలు ఎక్కండి. ఇరవై నిమిషాల లోపు హియెయిజాన్-సకమోతొ స్టేషన్ వస్తుంది. పొరపాటు జరిగేది ఇక్కడే. బివాకొ లైన్ అని ఇంకోటుంది. రెండూ ఒత్సు వైపే పోతాయి, ఒక స్టేషన్ దాకా ఒకే దారిలో నడుస్తాయి కూడా. యమషినా దాటగానే విడిపోతాయి. కాబట్టి ప్లాట్‌ఫాం మీది బోర్డులో ‘కొసెయి’ అని ఉందో లేదో చూసి ఎక్కండి. అదే లైన్లో థండర్‌బర్డ్ ఎక్స్‌ప్రెస్ కూడా దూసుకుపోతుంది. దానికి అదనపు టికెట్ కావాలి, పైగా సకమోతొలో ఆగదు. జేఆర్ పాస్ ఉన్నవాళ్లకు మామూలు రైలుకు వేరే ఖర్చు లేదు.

ఇంకో దారి కెయిహాన్ అనే ప్రైవేటు రైలు కంపెనీ వాళ్లది. క్యోటోలో తోజాయి మెట్రో లైన్ మీదుగా కెయిహాన్ రైల్లో బివాకొ-హమఒత్సు చేరి, అక్కడ బండి మారి చివరి స్టేషన్ సకమోతొ-హియెయిజాన్‌గుచి దాకా పోవడం. పేర్లు తిరగేసి రాసినట్టు ఉంటాయి, కానీ అదీ జేఆర్ స్టేషనూ వేరు వేరు చోట్లున్నాయి. కెయిహాన్ స్టేషన్ నుంచి కేబుల్ దగ్గర, పది నిమిషాల నడక. జేఆర్ నుంచైతే ఇరవై నిమిషాలు, అంతా ఎగువ దారి. వెంట పెద్దవాళ్లుంటే జేఆర్ స్టేషన్ బయట బస్సు చూసుకోండి. మోకాళ్ల బలం కొండమీదికి దాచుకోవడం మేలు.

పెద్ద సూట్‌కేసులతో బయల్దేరకండి. క్యోటో స్టేషన్‌లో లాకర్లున్నాయి, అక్కడ పెట్టేసి రండి.

సకమోతొలో పరుగెత్తొద్దు

నడిచి వెళ్తే దారికి రెండు పక్కలా గోడలు చూడండి. చెక్కని రాళ్లు, పెద్దవీ చిన్నవీ, ఒకదాని ఒడిలో ఒకటి ఒదిగి నిలబడి ఉంటాయి. సున్నం లేదు, సిమెంటు లేదు. అనో అనే పల్లె రాతి పనివాళ్ల చేతి పని ఇది. 1571లో ఓద నొబునాగ అనే సేనాని ఇదే కొండమీది మఠాన్ని తగలబెట్టించి, భిక్షువుల్నీ ఊరివాళ్లనీ చంపించాడు. కొన్నేళ్లకు అజుచిలో తన కోట కట్టుకునేటప్పుడు రాతిగోడలకు పిలిపించింది ఈ అనో పనివాళ్లనే అంటారు. గోడ ముందు ఒక్క నిమిషం నిలబడితే ఆయనకు వాళ్లు ఎందుకు కావలసి వచ్చారో తెలుస్తుంది.

కేబుల్ స్టేషన్‌కు పక్కనే హియోషి తాయిషా ఉంది. అది జపాన్ సొంత మతమైన షింతో క్షేత్రం, బౌద్ధ మఠం కాదు. కానీ కొండమీది మఠానికి కావలి దేవతలు అక్కడివాళ్లే. అక్కడ కోతిని దేవుడి దూతగా చూస్తారు. నవంబర్‌లో మేపుల్ ఆకులు ఎర్రబడ్డప్పుడు జనం విరగబడి వస్తారు. తీరిక ఉంటే దిగి వచ్చాక చూడండి, పొద్దున్న కాదు. పొద్దున్న పూట కొండదే.

టికెట్ తీసుకుని, బండిలో చోటు చూసుకోవడం

బండి అరగంటకొకటి. మార్చి నుంచి నవంబర్ దాకా పొద్దున ఎనిమిదికి మొదలై సాయంత్రం అయిదున్నరకు ఆఖరు. డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా ఎనిమిదిన్నరకు మొదలు, అయిదింటికి ఆఖరు. మారుతుంటాయి కాబట్టి కౌంటర్ పక్కన బోర్డుకు ఒక ఫొటో తీసి పెట్టుకోండి. తిరిగి వచ్చేటప్పుడు అదే అక్కరకొస్తుంది. రానుపోను టికెట్ కొన్నాళ్ల కిందటిదాకా 1,660 యెన్లు. పెరిగి ఉన్నా తట్టుకునేలా నగదు ఉంచుకోండి. ఊళ్లో రైలు కార్డు గీకినట్టు ఇక్కడా గీకేయొచ్చన్న ధీమాతో రావద్దు.

తొమ్మిది లోపు బండి పట్టుకుంటే మంచిది. పది దాటాక బృందాలు దిగుతాయి.

లోపల ఏ చివర నిలబడాలన్నది ముఖ్యం. పైకి వెళ్లేటప్పుడు అందరూ అలవాటుగా ముందుకు ఎగబడతారు. అటు కనిపించేది చెట్లూ పట్టాలే. మీరు కింది చివరకు, అంటే సరస్సు వైపుకు పొండి. బండి ఎత్తెక్కే కొద్దీ చెట్ల సందుల్లోంచి బివా సరస్సు మెల్లగా విప్పుకుంటుంది. దిగేటప్పుడు అదే చివర ముందవుతుంది, అప్పుడు ఆలస్యం చేస్తే చోటు దొరకదు.

ఎక్కే ముందు ప్లాట్‌ఫాం మెట్ల మీద నుంచి వంగి బండి చక్రాలు చూడండి. పిల్లలు వెంట ఉంటే తప్పకుండా చూపించండి. ఒక పక్క చక్రానికి రెండు అంచులూ ఉంటాయి, పట్టాను రెండు వైపుల నుంచీ పట్టుకుంటుంది. రెండో పక్క చక్రానికి అంచే ఉండదు, వెడల్పుగా రోలరులా ఉంటుంది. దీని మర్మం దారి మధ్యలో బయటపడుతుంది. ఒకే తాడు రెండు కొసలకు రెండు బండ్లు కట్టి ఉంటాయి. ఒకటి ఎక్కుతుంటే ఇంకోటి దిగుతుంది. బండిలో మోటారు లేదు, తాడు తిప్పే యంత్రం పై స్టేషన్‌లో ఉంది. ఉన్నది ఒకే దారి కాబట్టి సరిగ్గా నడిమధ్యన అది రెండుగా చీలి మళ్లీ కలుస్తుంది. అక్కడ రెండు బండ్లూ ఒకదాన్నొకటి దాటుకుంటాయి. మామూలు రైలుకైతే పాయింట్లు మార్చేవాడు కావాలి. ఇక్కడ కదిలే భాగం ఒక్కటీ లేదు. రెండంచుల చక్రం ఏ వైపుంటే బండి ఆ వైపు పట్టానే పట్టుకుపోతుంది, కాబట్టి ప్రతిసారీ తన పక్కకే తిరుగుతుంది. అంచులేని చక్రం లోపలి పట్టాల మీదుగా, తాడు పోవడానికి వదిలిన సందుల మీదుగా దొర్లుకుంటూ వెళ్లిపోతుంది. ఒక బండి పేరు ‘ఎన్’, ఇంకో దాని పేరు ‘ఫుకు’. మీరెక్కింది ఏదో చూసుకుని, ఎదురొచ్చేటప్పుడు రెండోదాని పేరు చదవండి.

దారిలో రెండు సొరంగాలు, ఏడు వంతెనలు. బాగా నిట్టనిలువుగా ఉన్నచోట మూడు మీటర్లు ముందుకు పోతే ఒక మీటరు పైకి లేస్తుంది.

మధ్యలో దిగాలనుకుంటే

ఇది చాలామందికి తెలియదు. దారిలో రెండు చిన్న స్టేషన్లున్నాయి, అడిగితేనే ఆపుతారు. కింద హోరాయిఒక, పైన మొతతెయమ. దిగాలనుకుంటే ఎక్కేటప్పుడే సిబ్బందికి చెప్పాలి. తిరిగి ఎక్కాలంటే అక్కడున్న ఫోన్ ఎత్తి బండి ఆపమని అడగాలి. జపనీస్ రాకపోయినా స్టేషన్ పేరు, ఎటు పోవాలో చెబితే పని జరిగిపోతుంది.

మొతతెయమ దగ్గర కీ నొ త్సురయుకి సమాధి ఉంది. 905 నాటి కొకిన్‌షు కవితా సంకలనాన్ని కూర్చినవారిలో ముఖ్యుడు. జపనీస్ కవిత్వం మీద మక్కువ ఉంటే దిగండి, లేకపోతే అక్కర్లేదు. హోరాయిఒక సంగతి వేరు. 1920లలో ఈ దారి తవ్వేటప్పుడు మట్టిలోంచి చిన్న చిన్న రాతి బుద్ధులు గుట్టలుగా బయటపడ్డాయి. నొబునాగ మంటల్లో చనిపోయినవాళ్ల కోసం ఊరివాళ్లు చెక్కి పెట్టినవని చెబుతారు. వాటిని అక్కడే ఒక గుహలో వరసగా నిలిపారు. మొహాలు అరిగిపోయి, నాచు పట్టి, కొన్ని అరచెయ్యంత ఎత్తే ఉంటాయి. పొద్దున్నే వచ్చినవాళ్లకు అరగంట ఖర్చు పెట్టడం నష్టం కాదు. మధ్యాహ్నం వచ్చినవాళ్లు నేరుగా పైకే పోవాలి.

పై స్టేషన్: కేబుల్ ఎన్ర్యాకుజి

బండి ఆగగానే అందరూ మెట్లెక్కి, తలుపు దాటి, మఠం దారి పట్టేస్తారు. మీరు ఆగండి. సముద్ర మట్టానికి 654 మీటర్ల ఎత్తున, అడవి మధ్యన, 1927 నాటి రెండంతస్తుల పాశ్చాత్య తరహా కట్టడం ఇది. ముందు బయటికి వచ్చి ముఖద్వారం చూడండి. తర్వాత మళ్లీ లోపలికి పోయి మేడెక్కండి. అప్పట్లో పెద్దమనుషులు బండి కోసం వేచి ఉండటానికి కట్టిన గది అక్కడుంది. పాత ఫొటోలు పెట్టారు. కిటికీలోంచి సరస్సు, దాని ఒడ్డున ఒత్సు నగరం. మబ్బు లేని రోజు అద్దాల వైపు కుర్చీ దొరికితే లేవబుద్ధి కాదు.

ఈ స్టేషన్‌కు ఇంకో చరిత్ర ఉంది, నాకది ఈ చోటికి అతకని బొమ్మలా అనిపిస్తుంది. 1945లో నౌకాదళం ఈ లైన్‌ను తన చేతిలోకి తీసుకుంది. ప్రయాణికుల బండ్లు ఆగిపోయాయి. ‘ఓకా’ అనే ఆత్మాహుతి విమానాన్ని కొండమీది నుంచి విసిరేందుకు పట్టాల దారి ఒకటి ఈ స్టేషన్ దగ్గర్లో కట్టారు. అక్కడి నుంచి ఒక్క దాడీ జరగకముందే యుద్ధం ముగిసింది. 1946 ఆగస్టులో మళ్లీ యాత్రికులు ఎక్కారు. అహింస చెప్పే మఠం ముంగిట్లో ఈ పని జరిగిందని గుర్తుంచుకుని ఆ కిటికీలోంచి చూస్తే సరస్సు ఇంకోలా కనిపిస్తుంది.

స్టేషన్‌లో టాయిలెట్ పని చూసుకుని బయల్దేరండి.

ఎన్ర్యాకుజిలో ఎంతసేపు, ఏ వరసలో

స్టేషన్ నుంచి అడవి అంచు దారిలో పది నిమిషాలు నడిస్తే మఠం టికెట్ కౌంటర్. మూడు ప్రాంగణాలకూ కలిపి 1,000 యెన్లు. ప్రాంగణాలు తోదో, సాయితో, యొకవ. ఒక్కరోజులో మూడూ ముగించాలని పట్టుబట్టకండి. తోదో తప్పనిసరి. సాయితో ఓపిక ఉంటే. యొకవ దూరం, బస్సు ఉన్న నెలల్లోనే.

తోదోలో కొన్‌పొన్ చూదో ప్రధాన మందిరం. 1571లో కాలిపోయాక అప్పటి సైనిక పాలకుడు, తొకుగావ వంశపు షోగన్ ఇయెమిత్సు కాలంలో, 1642లో ఇప్పటి కట్టడం లేచింది. 2016లో మొదలైన పెద్ద మరమ్మతుల వల్ల దానిపైన తాత్కాలిక కప్పు వేశారు. మీరు వెళ్లేసరికి బయటినుంచి రేకుల షెడ్డులా కనిపించినా నిరాశపడి వెనక్కి తిరగకండి. చూడవలసింది లోపలే.

చెప్పులు విప్పి, పక్కన పెట్టుకుని, ఫోన్ సంచిలో వేసుకుని లోపలికి పోండి. ఫొటోలు తీయకూడదు. భక్తులు కూర్చునే చోటుకు ముందు నేల ఒక్కసారిగా మూడు మీటర్లు కిందికి దిగిపోతుంది. ఆ లోతులో, చీకట్లో భిక్షువులు పూజ చేస్తారు. అవతల మళ్లీ ఎత్తున బుద్ధుడి పీఠం. అందువల్ల బుద్ధుడూ మీరూ ఒకే మట్టంలో ఎదురెదురుగా ఉంటారు. మన గుళ్లలో తల ఎత్తి చూడటం అలవాటైనవాళ్లకు ఇది కొత్త. అక్కడున్నది భైషజ్య గురువు, రోగాలు మాన్పే బుద్ధుడు. ఆయన ముందు మూడు దీపాలు. సైచో వెలిగించిన నాటి నుంచి ఆరలేదంటారు. మరి 1571లో? ఇక్కడ ఆరింది. కానీ అంతకుముందే ఉత్తరాన యమగతలోని రిష్షకుజికి పంచిన దీపం అక్కడ వెలుగుతూనే ఉంది. అక్కడి నుంచి తెచ్చి మళ్లీ వెలిగించారు. కళ్లు చీకటికి అలవాటు పడటానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. అందరూ ఒక నిమిషంలో లేచిపోతారు. మీరు కూర్చోండి.

తెలుగువాళ్లకు ఇక్కడ ఒక చుట్టరికం ఉంది. ఈ మఠానిది తెందాయి శాఖ. తమ గురుపరంపరలో ఆది ఆచార్యుడిగా వాళ్లు చెప్పుకునేది నాగార్జునుణ్ని. మన నాగార్జునకొండకు ఎవరి పేరు వచ్చిందని చెప్పుకుంటామో ఆయన్నే.

చూదో పల్లంలో ఉంటుంది. దాని ఎదురుగా నిట్టనిలువు మెట్ల పైన మొంజురో ద్వారం. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఆ మెట్ల జోలికి పోనక్కర్లేదు, పక్క దారిలో నెమ్మదిగా పైకి రావచ్చు. పైన దాయికోదో అనే ఉపన్యాస మందిరంలో హోనెన్, షిన్‌రాన్, దోగెన్, నిచిరెన్ వంటివాళ్ల విగ్రహాలున్నాయి. జపాన్ బౌద్ధంలో తర్వాత వేరే శాఖలు పెట్టిన గురువుల్లో చాలామంది కుర్రతనంలో ఈ కొండమీద చదువుకున్నవాళ్లే. దాని పక్కన పెద్ద గంట. కాస్త చిల్లర వేసి ఎవరైనా మోగించవచ్చు. దూలాన్ని వెనక్కి లాగి ఒక్కసారి వదలండి, మనలా గణగణ వాయించకూడదు.

సాయితోకు అడవిలో ఇరవై నిమిషాల నడక. దారిలో సైచో సమాధి ఉన్న జోదొఇన్ వస్తుంది. అక్కడ ముంగిట ఇసుకలో ఒక్క ఆకు కూడా కనిపించదు, ఊడ్చి ఊడ్చి ఉంచుతారు. గొంతు తగ్గించండి.

బట్టలు, తిండి

కొండమీది బతుకును వర్ణించడానికి ఇక్కడ పాతకాలం నుంచి నాలుగు మాటలు చెబుతారు: వాదం, తేమ, చలి, పేదరికం. వాదం, పేదరికం భిక్షువులవి. తేమ, చలి మీకూ తగులుతాయి. క్యోటోలో ఉక్కపోస్తున్న రోజున కూడా పైన అయిదారు డిగ్రీలు తక్కువ. ఒక జాకెట్, రాయి మీద జారని బూట్లు పెట్టుకోండి. చెప్పులు పదేపదే విప్పాలి కాబట్టి లేసులు తక్కువున్నవి, చిరగని సాక్సులు ముఖ్యం. జనవరి, ఫిబ్రవరిలో మంచు ఉంటుంది. చూదో నేల మీద సాక్సులతో నడవడం ఐసు మీద నడిచినట్టే.

శాకాహారులకు ఒక హెచ్చరిక. కింద సకమోతొ ఊళ్లో పేరున్న సోబా దుకాణాలున్నాయి, ఒకటి మూడువందల ఏళ్ల నాటిది. నూడుల్స్ బావుంటాయి కానీ పులుసులో ఎండు చేప ఉంటుంది. పైకి కూరగాయల సోబాలా కనిపించినా పులుసు అదే. నిజంగా శాకాహారం కావాలంటే కొండమీదే దొరుకుతుంది. మఠం వసతిగృహం ఎన్ర్యాకుజి కాయికాన్‌లో భిక్షువుల భోజనం షోజిన్ ర్యోరి పెడతారు. ముందుగా చెప్పుకోవాలి. నువ్వుల తోఫు, కొండ కూరలు, అన్నం. కారం ఉండదు, ఆశించకండి. అది కుదరకపోతే పొద్దున్నే పులిహోర కట్టుకుని రండి. విశ్రాంతి బల్లల దగ్గర తిని, పొట్లం మళ్లీ సంచిలోనే పెట్టుకోండి. చెత్తబుట్టలు దాదాపు కనిపించవు.

దిగడం

మందిరాలు సాయంత్రం నాలుగింటికల్లా మూసేస్తుంటారు. అక్కడి నుంచి స్టేషన్‌కు పది నిమిషాలే కదా అని తిరుగుతూ కూర్చుంటే చలికాలంలో చీకటి ముంచుకొస్తుంది. నాలుగున్నరకు స్టేషన్‌లో ఉండేలా చూసుకోండి. జనం ఎక్కువున్న నవంబర్ ఆదివారాల్లో ఆఖరి బండి దాకా ఆగొద్దు.

క్యోటో వైపు దిగాలంటే రానుపోను టికెట్ తీసుకోకుండా పైకి మాత్రమే తీసుకుని ఉండాలి. తోదో నుంచి షటిల్ బస్సులో శిఖరం దగ్గరికి, అక్కడ రోప్‌వే, తర్వాత ఎయిజాన్ కేబుల్, యసెలో చిన్న రైలెక్కి దెమాచియనగిలో దిగితే క్యోటో చేరినట్టే. ఎయిజాన్ కేబుల్ పొట్టిదే, 1.3 కిలోమీటర్లు. ఎత్తు తేడా మాత్రం 561 మీటర్లు, ఆ లెక్కలో దేశంలో దానిదే మొదటి స్థానం. రెండూ ఒక్కరోజులో ఎక్కినట్టూ అవుతుంది. డిసెంబర్ నుంచి మార్చి మధ్యదాకా షటిల్ బస్సులు ఉండవు, కాబట్టి ఆ నెలల్లో ఈ ఆలోచన వదిలేయండి.

నడిచి దిగే సరదా ఉంటే హొన్‌జాక అనే పాత దారి నేరుగా సకమోతొకు పోతుంది. రెండు గంటలు పెట్టుకోండి, వాన పడ్డ మర్నాడు మాత్రం వద్దు. కేబుల్ రాకముందు భిక్షువులూ బియ్యం మోసేవాళ్లూ ఎక్కింది ఆ దారినే. కింద హియోషి తాయిషా దగ్గర తేలుతుంది. అక్కడి నుంచి కెయిహాన్ స్టేషన్ పల్లం దారే.